జెబెల్ అలీలో వసంతమెప్పుడు?

డాఫొడిల్ గడ్డలను ఎప్పుడు నాటవలెనను ప్రశ్నకు సమాధానము ఆ గడ్డలను కట్టిన సంచిమీదనే అచ్చుపడి యుండును: సెప్టెంబరు మొదలు నవంబరు లోపల నాటవలెను, వసంతమున పూయును. ఈ మాటలో అసత్యమేమియు లేదు. హాలెండు రైతు తన దేశపు చల్లని నేలను, దానిపై నెలల తరబడి విడువక నిలుచు చలిని, తీరుబడిగా నడచివచ్చు వసంతమును మనస్సునం దుంచుకొని పలికిన మాట అది. ఆ మాటనే ప్రమాణముగా గైకొని, ఓడరేవు క్రేనులు దూరమున కనబడుచుండగా దుబాయి తీరపు జెబెల్ అలీలోని ఒక బాల్కనీలో సెప్టెంబరు నెలలో కుండీ నింపి గడ్డ పాతినవానికి మాత్రము, నవంబరు నాటికి పువ్వు బదులు కుళ్లువాసన లభించును. వెచ్చని తడిమట్టిలో ఫ్యుసేరియమను బూజు గడ్డ అడుగుభాగమునుండి లోనికి ప్రవేశించి, పైకి చెక్కుచెదరని గడ్డను లోపల గోధుమవర్ణపు ముద్దగా మార్చివేయును. కావున నాటవలసిన తేదీని సంచిమీది వ్రాతనుండి గాక, ఈ ప్రదేశమున పువ్వు వాడక నిలువగలిగిన చివరి దినములనుండి వెనుకకు లెక్కించి పట్టుకొనవలెనని ఈ అధ్యాయమున నా ప్రతిపాదనము.

వెనుకకు లెక్కించుట జెబెల్ అలీలోని తెలుగువారికి ఒకరు నేర్పవలసిన విద్య కాదు. 1979లో రేవు ప్రారంభమై, 1985లో ఫ్రీ జోన్ ఏర్పడిన పిదప, ఇచ్చటి గోదాములకును, కర్మాగారములకును, కట్టడపు పనులకును కరీంనగరము, జగిత్యాల, నిజామాబాదు, నిర్మల్ ప్రాంతములనుండియు, గోదావరి జిల్లాలనుండియు వచ్చినవారు, సెలవుపై ఇంటికి పోవు దినమును గోడమీది క్యాలెండరులో ముందుగా గుర్తుపెట్టుకొని, అచ్చటినుండి వెనుకకు నెలలను, వారములను తగ్గించుకొనుచు కాలము గడుపుట సర్వసాధారణము. వీరిలో పెక్కురు వ్యవసాయ కుటుంబములవారు. మృగశిర కార్తెలో, తొలకరి తడి తగిలినంతనే పసుపు కొమ్మును భూమిలో పెట్టి, దానిని పుష్యమాఘములలో త్రవ్వి తీయుట నిజామాబాదు, జగిత్యాల రైతు చిన్ననాటనుండి ఎఱిగిన పని. నేలలోని గడ్డకు తనదైన కాలమొకటి యుండునని, ఆ కాలము తప్పినచో ఎరువు కాని నీరు కాని ఆ లోటును పూడ్చజాలవని వేఱుగా బోధించనక్కరలేని ఇట్టివారికి ఇక చెప్పవలసిన భేద మొక్కటియే: పసుపు వేడిమిని, వానను కోరి భూమిలోనికి దిగును, డాఫొడిల్ వేడిమి పోయిన పిదప, చలిని కోరి దిగును.

చలి ఎందులకు? ఒక గడ్డను వదలుకొనుటకు మనసొప్పినచో, సెప్టెంబరులో దానిని పదునైన కత్తితో నిలువున రెండుగా కోసి చూడుడు. అడుగున పలుచని పళ్లెమువంటి భాగము, దానినుండి ఒకదానిపై ఒకటిగా లేచిన తెల్లని మందపు పొరలు, వాని నడుమ లేతపసుపు వన్నె ఆకుమొనలు, ఆ ఆకుమొనల మధ్య భూతద్దము పెట్టి చూచినగాని స్పష్టపడని ఒక చిన్న మొగ్గ కనబడును. రానున్న వసంతపు పువ్వు, రేకులతోను కేసరములతోను సహా, అప్పటికే అచ్చట సిద్ధమై యున్నది. గత సంవత్సరము ఆకులు సంపాదించిన ఆహారము తెల్లని పొరలలో నిలువయై యున్నది. లోపించినది చలి యొక్కటియే. రెండు మొదలు తొమ్మిది డిగ్రీల చలిలో పండ్రెండు మొదలు పదునైదు వారములు గడచినగాని ఆ మొగ్గను పైకెత్తవలసిన కాడ సాగదు. ఆ చలి లభింపనిచో ఆకులు మాత్రము దిట్టముగా లేచును, మొగ్గ గడ్డ మెడలోనే ఎండిపోవును. (కోసిన వెంటనే చేతులు సబ్బుతో కడుగుకొనుడు. ఈ గడ్డ రసము చర్మమునకు దద్దురు పుట్టించును. డాఫొడిల్ తోటలలో పూలు కోయువారికి ఇది నిత్యపు బెడద.)

ఇప్పుడు జెబెల్ అలీ వాతావరణమును పరిశీలింతము. సంవత్సరమునకు సగటున నూఱు మిల్లీమీటర్ల వానయైనను నోచుకొనని ఈ తీరమున, అత్యంత శీతలమైన జనవరి మాసమున పగలు ఇరువదినాలుగు డిగ్రీలు, రాత్రి పదునాలుగు, పదునైదు డిగ్రీలు సామాన్యము. అనగా డాఫొడిల్ కోరు చలి ఇచ్చటి ఆరుబయట ఒక్క వారమైనను నిలువదు. హైదరాబాదులోనైనను ఇదియే స్థితి. మన్యములోని లంబసింగిలో కొన్ని రాత్రులు సున్నకు సమీపించినను, తెల్లవాఱి ప్రొద్దెక్కినంతనే వేడెక్కు నేలలో మూడు నెలల అఖండమైన చలి ఎక్కడిది? డాఫొడిళ్లపై వర్డ్స్‌వర్త్ వ్రాసిన పద్యమును మన దేశమున తరతరములు కంఠస్థము చేసినవి. ఆ పద్యమునకు మూలమైన పూలను ఆయన, ఆయన చెల్లెలు డొరొతీ ఒక సరస్సు ఒడ్డున చూచినది 1802 ఏప్రిల్ 15వ తేదీన. అదే తేదీన జెబెల్ అలీలో పగటి వేడిమి ముప్పదిరెండు, ముప్పదిమూడు డిగ్రీలకు చేరియుండును. ఆ వేడిమిలో డాఫొడిల్ రేకులు ఒకటి రెండు దినములలో ముడిచిన కాగితమగును.

కావున ఉగాదినాటి వసంతము ఇచ్చట వసంతము కాదు. పువ్వులకు సంబంధించినంతవరకు ఇచ్చటి వసంతము సంక్రాంతికి వచ్చి శివరాత్రికి పోవును. ఈ సత్యమును దుబాయి నగరమే బహిరంగముగా అంగీకరించినది: 2013 ఫిబ్రవరిలో తెరువబడిన మిరకిల్ గార్డెన్ అను పుష్పవనము చలికాలము ముంగిట తలుపులు తీసి, వేసవి రాకతో మూసివేయును. పూర్వపు అరబ్బులకు ఇట్టి వనములు లేకున్నను కాలపు తూకము బాగుగా తెలియును. ఆగస్టు 24 ప్రాంతమున తెల్లవారుజామున దక్షిణాకాశమున సుహైల్ నక్షత్రము కనబడినంతనే, ఇంకను ఒళ్లు మాడ్చు వేడిమి యున్నను, గ్రీష్మపు పట్టు సడలినదని వారు నిశ్చయించి, ఆ దినము మొదలు పదేసి దినముల చొప్పున సంవత్సరమును లెక్కించెడివారు. ఆ నక్షత్రమే మన అగస్త్యుడు. అగస్త్యోదయముతో బురదనీరు తేరునని మనవారు చెప్పుదురు. సముద్రమునకు ఈ ఒడ్డునను ఆ ఒడ్డునను రైతులు ఒకే చుక్కను చూచి తమ తమ పనులు నిర్ణయించుకొనిరని తలచినప్పుడు నాకు ఈ ఎడారి అంతగా పరాయిదేశమనిపించదు.

గడ్డలను కొనుటకు ముందే నిర్ణయింపవలసిన విషయమొకటి గలదు. డాఫొడిల్ అను పేర దొరకునవన్నియు ఒకే స్వభావము గలవి కావు. పొడవైన పసుపుపచ్చని బూర వంటి మధ్యభాగము గలిగి, కాడకొక్క పువ్వుగా పూయు జాతులకు పైని చెప్పిన చలి తప్పనిసరి. కాడకు పలుపువ్వులు గుత్తిగా పూయు టజెట్టా వర్గము వేఱు. మధ్యధరా తీరమునుండి ఇరాను మీదుగా కాశ్మీరము వరకు వ్యాపించినది, పారసీక కవులు కీర్తించిన నర్గిస్ ఈ వర్గమునకు చెందినదే. ఈ వర్గములో తెల్లని గుత్తులు పూయు పేపర్‌వైట్‌కు చలితో నిమిత్తమే లేదు. అంతేగాక టజెట్టా గడ్డలో మొగ్గ ఏర్పడుటకే గ్రీష్మపు వేడిమి కావలెను. ఇంగ్లండునకు నైరృతి దిక్కున సముద్రములోనున్న సిల్లీ ద్వీపములలో సొలై డోర్ అను పసుపుపచ్చని టజెట్టాను పండించు రైతులు, వేసవిలో పొలములపై గడ్డి తగులబెట్టి పొగ పట్టించెడివారు. పొగ తగిలిన గడ్డలు ముందుగాను, విరివిగాను పూచెడివి. పొగలోని ఎథిలీన్ అను వాయువు చేయు పని అదియని తరువాత తేలినది.

మొదట పేపర్‌వైట్ సంగతి చెప్పి ముగించెదను, ఏలయన అది మిక్కిలి సులభము. గడ్డలను కొని, చల్లని పొడిచోట కాగితపు సంచిలో నుంచి, డిసెంబరు మొదటి వారమున, అనగా జ్యేష్ఠ కార్తె ప్రవేశించినప్పుడు, పెట్టవలెను. మట్టియైనను అక్కరలేదు. రంధ్రము లేని ఒక లోతైన పళ్లెములో గులకరాళ్లు పోసి, వానిపై గడ్డలను ఒకదానికొకటి దాదాపు తగులునట్లు నిలిపి, గడ్డ అడుగుభాగమును తాకీ తాకనట్లుగా నీరు పోసినచో చాలును. గడ్డ నీటిలో మునిగినచో కుళ్లును. నాలుగు మొదలు ఆరు వారములలో పూయును గనుక సంక్రాంతికి గుత్తులు సిద్ధము. వెచ్చని గదిలో కాడలు మితిమీరి సాగి ప్రక్కకు ఒరిగిపోవుట దీని దుర్గుణము. దీనికి అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమునందు విలియం మిల్లర్ అను ఆచార్యుని బృందము చక్కని ఉపాయము కనిపెట్టినది. మొలక అంగుళము, రెండంగుళములు లేచిన పిదప, పళ్లెములోని నీటిని పారబోసి, మందుల దుకాణమున దొరకు 70 శాతము స్పిరిట్టు ఒక పాలు, నీరు పదునొకండు పాళ్లు కలిపి పోసినచో, కాడలు మూడవ వంతు మొదలు సగము వఱకు పొట్టివగును, పువ్వుల పరిమాణము మాత్రము తగ్గదు. ఇంకొక్క మాట. పేపర్‌వైట్ పరిమళము చాల ఘాటైనది. ఆరుగురు పడుకొను గదిలో పెట్టదలచినచో ముందుగా తక్కిన అయిదుగురి సమ్మతి తీసికొనుట మేలు. సుగంధమని ఒకరు మెచ్చినదానిని మఱియొకరు తలనొప్పి యందురు.

ఇక బూర పువ్వు, అనగా మన మనస్సులలోని అసలు డాఫొడిల్. దీనికే వెనుకటి లెక్క కావలెను. జెబెల్ అలీలో ఈ పువ్వు గౌరవముగా నిలువగలిగిన చివరి కాలము ఫిబ్రవరి నెల. ధనిష్ఠ కార్తె నడుచుచుండగా పూయునట్లు ఏర్పాటు చేసికొనవలెను. చలిలో నుంచి తీసిన గడ్డ నాటిన పిదప పూయుటకు సుమారు ఆరు మొదలు ఎనిమిది వారములు పట్టును గనుక డిసెంబరు 20 ప్రాంతమున, మూల కార్తెలో నాటవలెను. దానికి ముందు, ఆరుబయట దొరకని చలికి బదులుగా, ఫ్రిజ్జులో పదునాలుగు వారముల చలి యని లెక్కించినచో సెప్టెంబరు 13, ఉత్తర కార్తె ప్రవేశము, తేలును. ఆ దినమున జెబెల్ అలీలో పగటి వేడిమి నలువదికి చేరువగా నుండును. చెమట కారుచు, ఏసీ గదినుండి బస్సు వఱకు నడచుటయే ప్రయాసయని తలంచు మానవునికి చలికాలపు పువ్వును గూర్చి ఆలోచన పుట్టుట అసంభవము. ఈ పనిలోని కష్టమంతయు ఇచ్చటనే యున్నది. ఒళ్లు చెప్పు సాక్ష్యమును నమ్మినవాడు నవంబరులో చల్లగాలి తగిలినప్పుడు గడ్డల కొఱకు బయలుదేరును, అప్పటికి పదివారములు గతించి యుండును. లెక్కను నమ్మినవాడు మాత్రము మండుటెండలో గడ్డలు కొనును. సెప్టెంబరు నెలాఖరు, అనగా హస్త కార్తె తొలిదినములు, చివరి గడువు. అప్పటికిని గడ్డలు ఫ్రిజ్జులోనికి చేరనిచో ఆ సంవత్సరము ఈ జాతిని విడిచిపెట్టి పేపర్‌వైట్‌తో తృప్తిపడవలెను. ఈ తేదీలను సెలవు దినమును గుర్తించిన క్యాలెండరులోనే వ్రాసికొనుడు.

కొనునప్పుడు గడ్డను చేతిలో తూచి చూడవలెను: తన పరిమాణమునకు తగిన బరువు, రాయివంటి గట్టిదనము, అడుగు పళ్లెమును బొటనవ్రేలితో నొక్కినప్పుడు లొంగకపోవుట, ఇవి మంచిగడ్డ లక్షణములు. పై పొర ఊడినచో దోషము లేదు. అడుగున మెత్తదనమున్నచో ధర ఎంత తగ్గించినను వలదు. ఇంటికి తెచ్చి, గాలియాడు కాగితపు సంచిలో గాని వలసంచిలో గాని పెట్టి, ఫ్రిజ్జులో నాలుగైదు డిగ్రీలుండు అరలో నుంచవలెను. గడ్డ కట్టించు పై అరలో పెట్టరాదు. స్థలముండి, తడిమట్టి నింపిన కుండీలోనే నాటి ఆ కుండీతో సహా చల్లబఱచగలిగినచో మఱియు ఉత్తమము, చలిలోనే వేళ్లు పాతుకొనును. కాని నలుగురు పంచుకొను ఫ్రిజ్జులో కుండీకి చోటడుగుట లోకజ్ఞానము కాదు.

ఆ ఫ్రిజ్జులోనే రెండు ఆపదలున్నవి. మొదటిది ఆపిలు పండు. పండుచున్న పండ్లు విడుచు వాయువు సిల్లీ ద్వీపపు పొగలోని ఎథిలీనే. అచ్చట వేసవిలో మొగ్గను పుట్టించిన ఆ వాయువే, ఇచ్చట మూసిన ఫ్రిజ్జులో సిద్ధమైన మొగ్గను గడ్డలోపలనే చంపివేయును. ఆపిళ్లు, అరటిపండ్లు, టమాటాలు గడ్డలున్నంతకాలము ఆ ఫ్రిజ్జులో నుండరాదు. రెండవది మనుష్యులకు సంబంధించినది, మఱింత గంభీరమైనది. డాఫొడిల్ గడ్డ చూచుటకు ఉల్లిగడ్డవలె నుండును. అందులో లైకొరీన్ అను విషపదార్థము గలదు. తిన్నవారికి తీవ్రమైన వాంతులు, కడుపునొప్పి కలుగును. ఉడికించినంత మాత్రమున అది పోదు. ఇంగ్లండులోని ప్రజారోగ్య సంస్థ 2015లో, డాఫొడిళ్లను కూరగాయల ప్రక్కన పెట్టి అమ్మవలదని పెద్ద దుకాణములకు లేఖ వ్రాయవలసి వచ్చినదనిన, ఈ పొరపాటు అమాయకులు మాత్రమే చేయునది కాదని తేలుచున్నది. రాత్రి డ్యూటీ ముగించుకొని వచ్చి వంటకు పూనుకొన్న గదివాడు సంచి తెఱచి, "అన్నా, గీ ఉల్లిగడ్డలు ఎవలియి? కూరల ఎయ్యాల్నా?" అని అడిగినచో అదృష్టము, "అవి ఉల్లిగడ్డలు కావుర తమ్మీ, పూలగడ్డలు. తింటె కక్కుకుంటవ్" అని చెప్పవచ్చును. అడుగక కోసినచో? కావున సంచిపై తెలుగు, హిందీ, ఉర్దూ, మలయాళములలో, ఇంకను ఆ వంటగదిని వాడువారి భాషలెన్ని యున్నవో అన్నింటిలోను, విషమని పెద్ద అక్షరములతో వ్రాసి, మూతగల వేఱు డబ్బాలో పెట్టుట గడ్డల యజమాని విధి. పసిపిల్లలున్న ఇంట ఆ డబ్బాకు తాళముండవలెను.

నాటుట స్వల్పమైన పని. తీరపు ఇసుక పనికిరాదు, అందు ఉప్పును గవ్వల సున్నమును నిండి యుండును. నర్సరీలో దొరకు కుండీమట్టి రెండు పాళ్లు, కడిగిన ముతక ఇసుక ఒక పాలు కలిపి, అడుగున రంధ్రమున్న జానెడు వెడల్పు కుండీలో నాలుగైదు గడ్డలను, మొన పైకి కొద్దిగా కనబడునట్లు పెట్టవలెను. నేలలో నాటువారు మాత్రము గడ్డ ఎత్తునకు మూడింతల లోతు త్రవ్వవలెను. మొదటి రెండు వారములు నీడలో నుంచి, పిమ్మట ఉదయపుటెండ తగులు తూర్పు బాల్కనీకి మార్చుడు. పడమటి బాల్కనీ వలదు. ఏసీ బయటి పెట్టె విడుచు వేడిగాలి సోకు చోట కుండీని పెట్టినచో మూడు నెలల చలి మూడు దినములలో వ్యర్థమగును, ఈ సంగతి చాలమందికి తట్టదు. వాయవ్యమునుండి వచ్చు షమాల్ గాలికి బరువైన పువ్వు తలవంచి కాడ విఱుగును గనుక సన్నని పుల్లను ఊతగా పాతుట మంచిది.

నీటి విషయమున జెబెల్ అలీ అదృష్టవంతమైన ప్రదేశము. సముద్రజలమును మంచినీరుగా మార్చు మహాకర్మాగారములు ఈ తీరముననే యున్నవి. కొళాయి నీటిలో ఉప్పు స్వల్పము. అయినను మేడమీది ట్యాంకులో కాగిన నీరు మధ్యాహ్నము వెచ్చగా దిగుచుండును. రాత్రి బకెట్టులో పట్టి ఉదయమున పోయుడు. పైమట్టి వ్రేలికి పొడిగా తగిలినగాని పోయరాదు. కుండీ అంచున తెల్లని పెచ్చు కట్టుట ఉప్పు చేరినందులకు గుర్తు. అప్పుడొకసారి అడుగు రంధ్రమునుండి ధారాళముగా కాఱునట్లు నీరు పోసి ఉప్పును కడిగివేయవలెను.

పూలు ముగిసిన పిదప బూర డాఫొడిల్ గడ్డను దాచుట ఇచ్చట నిష్ఫలము. మరుసటి సంవత్సరము ఆకులే వచ్చును. ఎరువుగుంటలో వేయుడు. రాళ్లలో, నీటిలో పెంచిన పేపర్‌వైట్ గతియు అంతే. మట్టిలో పెంచిన పేపర్‌వైట్‌ను మాత్రము ఆకులు వాటంతట అవి పండి ఎండువఱకు ఉంచి, గడ్డను తీసి, వలసంచిలో వేసి వెచ్చని పొడిచోట వేసవి గడుపనిచ్చినచో మఱల పూయు అవకాశమున్నది. జెబెల్ అలీ వేసవి దానికి శత్రువు కాదు.

సెలవుపై ఊరికి పోవునప్పుడు ఈ గడ్డలను పెట్టెలో వేసికొని పోవలదు. విదేశపు గడ్డలను దిగుమతి అనుమతి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రము లేక భారతదేశమునకు తెచ్చుట 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారము నిషిద్ధము. గడ్డతోపాటు నులిపురుగులును బూజును పసుపు చేలలోనికి ప్రయాణము చేయగలవు. ఊరిలో నాటుటకు నేల సంపెంగ గడ్డలు ఊరిలోనే దొరకును, అవి మన వేడిమిని ప్రేమించును. జెబెల్ అలీలో మొదటి సంవత్సరము ఆరు పేపర్‌వైట్ గడ్డలతో ప్రారంభింపుడు. బూర పువ్వును రెండవ సంవత్సరమునకు, సెప్టెంబరులో ఫ్రిజ్జున ఒక అర ఖాళీగా దొరకిననాటికి, వాయిదా వేయుడు.